కట్టుడు పళ్ల చక్రం

పల్నాడు ఎండల్లో టేబుల్ ఫ్యాను తల తిప్పడం మానేసిందంటే ఇంట్లో ఒకరికే గాలి, మిగిలినవాళ్లకు ఉక్కపోత. పక్కనున్న రెంటచింతల పేరు ప్రతి వేసవిలో ఎండల వల్ల పేపర్లకెక్కుతుంది కాబట్టి దాచేపల్లిలో ఇది చిన్న సంగతి కాదు. విప్పి చూస్తే మోటారు బాగానే ఉంటుంది, రెక్కలూ బాగానే ఉంటాయి. వెనక డబ్బీలో రూపాయి బిళ్లంత ప్లాస్టిక్ గేరుకు నాలుగు పళ్లు ఊడి ఉంటాయి. ఆ మోడల్ సామాను ఇప్పుడు రావడం లేదంటాడు మెకానిక్. అప్పుడు ఆ గేరును ఇంట్లోనే రెసిన్‌తో పోత పోసుకోవచ్చు.

ఆ డబ్బీ చేసే పని వేగాన్ని చంపి బలాన్ని పెంచడం. మోటారు ఇరుసు వెనక కొసన మరలు తిరిగిన ఇనుప ముక్క ఉంటుంది, దాన్ని వర్మ్ అంటారు. అది ఒక చుట్టు తిరిగితే దానికి ఆనుకున్న గేరు ఒక్క పన్ను మాత్రమే జరుగుతుంది. నిమిషానికి వెయ్యి చుట్లు దాటే మోటారుతో తలను నిదానంగా అటూ ఇటూ తిప్పించేది ఈ ఏర్పాటే. గ్రీజు ఎండి దుమ్ము పట్టినా, తిరుగుతున్న తలను ఎవరైనా చేత్తో బిగబట్టినా బరువంతా ఆ పళ్ల మీదే పడుతుంది. ఇనుము నిలుస్తుంది, ప్లాస్టిక్ విరుగుతుంది. ఒకందుకు అదే మంచిది. చవక గేరు పోయి ఖరీదైన మోటారు మిగులుతుంది.

పళ్ల చక్రం వయసు రెండు వేల ఏళ్లకు పైమాటే. గ్రీసు దేశపు ఆంటికిథెరా దీవి దగ్గర మునిగిన ఓడలోంచి 1901లో బయటపడిన ఖగోళ యంత్రంలో 30 కంచు చక్రాలు మిగిలి ఉన్నాయి. వాటి పళ్లు ముక్కోణపువి. ఇవాళ్టి పన్ను వంపు తిరిగి ఉండటానికి కారణం 18వ శతాబ్దపు గణితవేత్త లియొనార్డ్ ఆయిలర్. రీలుకు చుట్టిన దారాన్ని బిగువుగా విప్పుతుంటే దాని కొస గీసే గీత ఎలా వంపు తిరుగుతుందో, పన్ను అంచుకు ఆయన ఆ వంపునే సూచించాడు. దీని గొప్పతనం ఏమిటంటే, రెండు చక్రాల మధ్య దూరం కాస్త అటూ ఇటూ అయినా వేగాల నిష్పత్తి చెదరదు. ఇంట్లో పోసిన గేరు కూడా పనిచేస్తోందంటే సగం పుణ్యం ఈ వంపుదే.

ప్లాస్టిక్ గేరుకు దారి తీసింది నైలాన్. అమెరికాలో డ్యూపాంట్ కంపెనీలో వాలెస్ కరోదర్స్ బృందం దాన్ని 1935లో తయారు చేసింది. ఇంట్లో పోత పోసుకునే రెసిన్ల పుట్టుకా ఆ కాలానిదే. 1937లో జర్మనీలో ఒట్టో బేయర్ పాలీయురేథేన్‌కు దారి వేశాడు. 1938లో స్విట్జర్లాండ్‌లో పియెర్ కాస్టాన్ ఎపాక్సీకి పేటెంటు కోరాడు. ఆయన పనిచేసింది దంతవైద్య సామగ్రి కంపెనీలో, వెతికింది కట్టుడు పళ్లకు పనికొచ్చే పదార్థం కోసం! ఆ ఎపాక్సీయే తర్వాత అరాల్డైట్ పేరుతో మన ఇళ్లలోకి వచ్చింది.

పళ్లూడిన చక్రాన్ని బాగుచేయడానికి ఆధారం ఆ చక్రంలోనే ఉంటుంది. 32 పళ్లలో నాలుగు పోతే మిగిలిన 28 వాటి రూపానికి సాక్షులు. బాగున్న చోట సిలికాన్ పుట్టీతో చిన్న ముద్ర తీసి, దాన్ని ఊడిన చోటికి జరిపి, పక్క పళ్లతో సరిచూసి, లోపల ఎం-సీల్ లాంటి ముద్ద నింపితే మూల రూపం తయారు. పళ్లన్నీ అరిగిపోతే మాత్రం లెక్కలోకి దిగాలి. మామూలు నిలువు పళ్ల గేరు బయటి వ్యాసాన్ని పళ్ల సంఖ్యకు రెండు కలిపి భాగిస్తే మాడ్యూల్ అనే పన్ను కొలత వస్తుంది. 30 పళ్లు, 16 మిల్లీమీటర్లు ఉంటే 0.5. ఆ కొలతతో ఇంకో గేరు వెతుక్కోవచ్చు. అరిగిన గేరును ఉన్నదున్నట్టు అచ్చు తీస్తే మాత్రం అరుగుదల కూడా అచ్చులోకి దిగుతుంది.

తర్వాత అచ్చు. ఆదిలాబాద్ ఓజా కళాకారులు డోక్రా లోహపు బొమ్మలకు మైనం కరిగించి పోత పోస్తారు, బొమ్మ బయటికి రావాలంటే మట్టి అచ్చు పగలాల్సిందే. సిలికాన్ రబ్బరు అచ్చు వంగి బొమ్మను వదిలేస్తుంది, మళ్లీ మళ్లీ పనికొస్తుంది. గేరు రంధ్రంలో నున్నటి ఉక్కు కడ్డీ నిలబెట్టి, చిన్న పెట్టెలో పెట్టి, సిలికాన్‌ను ఒక మూల నుంచి సన్నటి ధారగా పోయాలి. పోసేటప్పుడు ధార సాగి లోపలి బుడగలు పగులుతాయి. రాత్రంతా వదిలేస్తే గట్టిపడుతుంది.

రెసిన్ పోసే రోజున వాతావరణం చూసుకోవాలి. రెసిన్, దాన్ని గట్టిపరిచే హార్డెనర్ అనే రెండు ద్రవాలు కలిశాక జరిగే చర్య తానే వేడి పుట్టిస్తుంది, గాలి వేడి దానికి తోడైతే కప్పులోనే గడ్డకడుతుంది. ఎండాకాలంలో తెల్లవారుజామే అనుకూలం. వానాకాలంలో చిక్కు వేరు. పాలీయురేథేన్‌లోని ఐసోసయనేట్ తేమతో కలిస్తే కార్బన్ డయాక్సైడ్ పుట్టి, గేరు నిండా బుడగలు పడతాయి. పిడుగురాళ్ల బట్టీల్లో సున్నపురాయిని కాల్చితే వెళ్లిపోయేదీ ఆ వాయువే. అలా కాలి మిగిలిన రాళ్ల సున్నానికి నీళ్లంటే యమదాహం. పొడిగా ఉండాల్సిన సామాను పక్కన గట్టి మూత ఉన్న డబ్బాలో దాన్ని ఉంచితే తేమను పీల్చేస్తుంది. కాల్చని సున్నపురాయి పొడికీ పనుంది. రెసిన్‌లో కలిపితే వేడి, కుంచించుకుపోవడం రెండూ తగ్గుతాయి. పొడి ఎక్కువైతే గేరు పెళుసవుతుంది.

కుంచించుకుపోవడం అర శాతమే అనుకున్నా 20 మిల్లీమీటర్ల గేరు 0.1 మిల్లీమీటరు తగ్గుతుంది. ఆయిలర్ వంపు దీన్ని సర్దుకుంటుంది. పన్ను మొదట్లో దాగిన బుడగను మాత్రం ఏ వంపూ కాపాడదు, బరువు పడేది అక్కడే. అందుకే ముందుగా పుల్లతో ప్రతి పంటి సందులోకీ రెసిన్ పూసి, తర్వాత మిగతాది పోయాలి.

నైలాన్‌కున్న సాగే గుణం మామూలు రెసిన్‌కు ఉండదు. మామూలుగా గట్టిపడిన రెసిన్ 60, 70 డిగ్రీల దగ్గరే మెత్తబడొచ్చు. కాబట్టి ఫ్యాను తల, పాత టేప్‌రికార్డరు, ఆటబొమ్మ లాంటి నిదానపు పనులకే ఇది సరి. మిక్సీకి, డ్రిల్లింగ్ మిషనుకు, మనిషి ప్రాణం ఆధారపడే ఏ భాగానికీ వద్దు. కలిపేటప్పుడు తలుపులు తెరిచి, చేతులకు తొడుగులు వేసుకోవాలి. ఐసోసయనేట్ ఆవిరి ఉబ్బసం తెప్పించగలదు, ఎపాక్సీ హార్డెనర్ చర్మానికి పడకపోవచ్చు. వంటింటి గిన్నెలు ఈ పనికి వాడకూడదు.

కొత్త గేరు వేసే ముందు పాతది ఎందుకు విరిగిందో చూడటం మొదటి పని. ఎండిన గ్రీజు తీయకపోతే కొత్త పళ్లూ అదే దారి పడతాయి. ఇక సామాను దొరకని యంత్రం ఇంట్లో ఉంటే, అచ్చు తీయడానికి మంచి రోజు గేరు విరిగాక వచ్చేది కాదు. సాక్షులంతా బతికున్నప్పుడే తీసి, పేరు రాసి దాచుకోవాలి.