బెకాసీలో ఒక ఇల్లు - నాలుగు లెక్కలు

ఫజ్ర్ నమాజులో ఇమాము సలాం చెప్పి ముగించిన కొద్ది క్షణాలకే మస్జిద్‌లోని మొదటి వరుస సగానికి పైగా ఖాళీ అయిపోయింది. లేచినవారంతా యువకులు, నడివయస్కులు. గోడవారగా పెట్టుకొన్న సంచులు భుజాన వేసుకొని, మోటారు సైకిళ్ళెక్కి చీకటిలోనే వెళ్ళిపోయారు. దుఆ కోసమైనా కూర్చోకుండా లేచిపోతున్నారేమిటని మేము ఒకింత నొచ్చుకొన్నాము. మా ఆతిథేయులు అది గ్రహించారు కాబోలు, మెల్లగా అన్నారు: "మౌలానా, వీరంతా రైలు అందుకోవలసినవారు. ఈ మస్జిద్‌లో మళ్ళీ వీరిని మీరు చూసేది ఇషా నమాజుకే. అదీ బండి సమయానికి వస్తే!"

అది ఇండోనేషియా రాజధాని జకార్తాకు తూర్పున ఆనుకొని ఉన్న బెకాసీ నగరం. జకార్తా చుట్టూ బోగోర్, డెపోక్, తంగెరాంగ్, బెకాసీ అనే నగరాలు హారంలా అల్లుకొని ఉన్నాయి. అన్నింటి పేర్లలోని తొలి అక్షరాలు కలిపి అక్కడివారు ఈ మహానగర ప్రాంతాన్ని 'జబొదెతబెక్' అంటారు. ఒకప్పుడు బెకాసీ వరిపొలాల సీమ. 1988లో జకార్తా-చికాంపెక్ రహదారి వచ్చింది. ఆ తరువాత పక్కనే ఉన్న చికారాంగ్‌లో కర్మాగారాలు వెలిశాయి. 1997లో బెకాసీ ప్రత్యేక నగరపాలన పొందింది. 2020 జనగణన నాటికి అక్కడి జనాభా 25 లక్షలు దాటింది. నేడు వరిమడుల స్థానంలో ఒకే తీరు ఎర్రపెంకుల ఇళ్ళు బారులు తీరి ఉన్నాయి.

మా ఆతిథేయులు మాతోబాటు ఉత్తరాది మదరసాలో చదువుకొన్న జావా సోదరులు. మాతో ఇప్పటికీ ఉర్దూలోనే మాట్లాడతారు. ఆయన కుమార్తె అద్దె ఇంట్లో ఉంటోంది. ఆమె పసిపిల్లలకు ఖుర్ఆన్ నేర్పుతుంది, అల్లుడు జకార్తా నడిబొడ్డున ఒక కార్యాలయంలో ఉద్యోగి. వారికి నాలుగేళ్ళ కుమారుడు. మూడేళ్ళ పాటు కూడబెట్టిన సొమ్మును వారు ఒక కొత్త కాలనీలో ఇంటికి బయానాగా చెల్లించారు. ప్రకటనలో మస్జిద్ బొమ్మ ఉంది. వడ్డీ లేదు, బ్యాంకు లేదు, జరిమానా లేదు, జప్తు లేదు అన్న మాటలున్నాయి. రెండేళ్ళు గడిచినా అక్కడ గడ్డి తప్ప గోడ లేవలేదు. అమ్మినవారి కార్యాలయానికి తాళం పడింది. "మేము హరామ్‌కు దూరంగా ఉండాలనే కదా అక్కడికి వెళ్ళాము ఉస్తాద్, మరి మాకెందుకిలా జరిగింది?" అని ఆ అమ్మాయి అడిగినప్పుడు మాకు వెంటనే సమాధానం తోచలేదు.

ఇప్పుడు వారు మళ్ళీ ఇల్లు చూస్తున్నారు. మిత్రుని కోరికపై మేమంతా కలిసి కూర్చొని, కాగితంపై నాలుగు లెక్కలు వేశాము. బెకాసీలోనే కాదు, వేగంగా పెరుగుతున్న ఏ శివారులోనైనా ఇల్లు కొనదలచిన కుటుంబం ఈ నాలుగూ వేసుకోవలసినవే.

మొదటిది: పత్రం లెక్క

ఇండోనేషియాలో భూమి హక్కులకు 1960 నాటి వ్యవసాయ భూమి మూల చట్టం ఆధారం. దాని ప్రకారం సంపూర్ణ యాజమాన్యాన్ని 'హక్ మిలిక్' అంటారు. రెండు పదాలూ అరబీ నుంచి వచ్చినవే. ఇది ఇండోనేషియా పౌరులకు మాత్రమే దక్కుతుంది. రెండవది 'హక్ గునా బంగునాన్', అనగా నిర్ణీత కాలం పాటు ఆ నేలపై కట్టడం కలిగి ఉండే హక్కు. ఇది తొలుత 30 ఏళ్ళ వరకు, ఆపై 20 ఏళ్ళ పొడిగింపుతో లభిస్తుంది. ఇళ్ళు కట్టి అమ్మే సంస్థలకు హక్ మిలిక్ ఉండదు గనుక కొత్త కాలనీలలో ఇల్లు సాధారణంగా ఈ రెండవ హక్కుతోనే చేతికి వస్తుంది. కొన్న పౌరుడు తరువాత దానిని హక్ మిలిక్‌గా మార్పించుకోవచ్చు. మార్పించుకోకుండా ఏళ్ళు గడిపేసేవారూ ఉన్నారు. అది పిల్లలకు చిక్కు మిగల్చడమే.

అల్లుడిని మేము అడిగాము: "ఆ భూమి పత్రం ఎవరి పేర ఉందో చూశారా? మీ స్థలం విడిగా విభజింపబడిందా? కట్టడానికి అనుమతి ఉందా?" అతను తల వంచుకొన్నాడు. "ఉస్తాద్, అమ్మినవారు గడ్డం ఉన్న మనిషి. సలాం చెప్పి, బిస్మిల్లాహ్ అని మొదలుపెట్టారు. అడగడం అమర్యాద అనిపించింది."

ఇక్కడే మన సమాజం పాఠం నేర్చుకోవాలి. అప్పు వ్యవహారాన్ని వ్రాసుకోమని, సాక్షులను పెట్టుకోమని ఆదేశించే ఆయతు ఖుర్ఆన్ అంతటిలోకీ దీర్ఘమైన ఆయతు. అది పరస్పరం అపరిచితులైన వ్యాపారులకు మాత్రమే కాదు, ఒకే వరుసలో నిలబడే విశ్వాసులకు కూడా వచ్చిన ఆదేశం. తన దగ్గర లేనిదానిని అమ్మరాదని దైవప్రవక్త (స) వారించారు. ఇంకా కట్టని ఇంటిని ముందే కుదుర్చుకోవడం పూర్తిగా నిషిద్ధమని మేము అనము. తయారు చేయించి ఇచ్చే ఒప్పందాన్ని (ఇస్తిస్నా) ఫుఖహా అనుమతించారు. కాని ఇల్లు ఎక్కడ, ఎంత కొలతలో, ఏ సామగ్రితో, ఎప్పటికి అన్నది స్పష్టంగా ఉండాలి. నేలే తమది కానివారు ఇల్లు కట్టిస్తామనడం ఒప్పందం కాదు, వంచన. 2019లో జకార్తా పోలీసులు షరీఅత్ పేరుతో లేని ఇళ్ళను అమ్మిన ముఠాను పట్టుకొన్నారు. ఆ ఒక్క కేసులోనే మోసపోయినవారు వేలల్లో ఉన్నారు.

ఇంకొక సంగతి కూడా గమనించాలి. బ్యాంకు సొమ్ము పెడితే, అది ఇస్లామీయ బ్యాంకైనా సరే, సొమ్ము విడుదల చేసే ముందు పత్రాలను తన కోసం తానే పరీక్షించుకొంటుంది. మధ్యలో బ్యాంకు లేదంటే ఆ పరీక్ష చేసే బాధ్యత పూర్తిగా కొనేవాని మీద పడుతుంది. బ్యాంకు లేదన్న మాట విని సంతోషించిన వారు ఈ బరువును చూడలేదు. భూమి కార్యాలయంలో పత్రాన్ని సరిచూడడం, ప్రాథమిక ఒప్పందంతో సరిపెట్టుకోక భూపత్రాల అధికారి ఎదుట అమ్మకపు దస్తావేజు పూర్తి చేయించుకోవడం ఈ లెక్కలో తప్పనిసరి.

రెండవది: వాయిదా లెక్క

ఇండోనేషియా ఉలమా మండలి 2004లో బ్యాంకు వడ్డీ రిబాయేనని ఫత్వా ఇచ్చింది. సాధారణ గృహరుణంలో మొదటి కొన్ని సంవత్సరాలు వడ్డీ స్థిరంగా ఉండి, తరువాత మార్కెట్టుతో మారుతుంది. నాలుగో ఏట వాయిదా ఒక్కసారిగా పెరిగి, ఇంటి ఖర్చు తలకిందులైన కుటుంబాలు అక్కడ ఎన్నో.

ఇస్లామీయ బ్యాంకులలో ముఖ్యంగా రెండు పద్ధతులు ఉన్నాయి. మురాబహాలో బ్యాంకు ఇంటిని కొని, తన లాభం చెప్పి, వాయిదాలపై మనకు అమ్ముతుంది. ధర మొదటి రోజే నిర్ణయమవుతుంది, చివరి వరకు మారదు. రెండవది ముషారకా ముతనాఖిసా. ఇందులో బ్యాంకు, మనము ఇంటిలో భాగస్వాములము. మనము నెలనెలా బ్యాంకు వాటాను కొంటూ, మిగిలిన వాటాకు అద్దె చెల్లిస్తాము. దీనికి అక్కడి జాతీయ షరీఅత్ మండలి 2008లో ఫత్వా ఇచ్చింది. ఈ పద్ధతిలో అద్దెను కొంతకాలానికొకసారి సవరించే వీలుంటుంది గనుక వాయిదా మారవచ్చునని ముందే తెలుసుకోవాలి.

మురాబహాలో మొత్తం ధర రొక్కపు ధర కంటే ఎంతో అధికంగా ఉంటుంది. నెల వాయిదా ఎంత అని మాత్రమే అడిగి ఊరుకోరాదు, మొత్తం ఎంత అని అడగాలి. ముందుగా తీర్చివేస్తే లాభంలో తగ్గింపు ఇవ్వడం బ్యాంకు ఇష్టమే తప్ప, ఒప్పందంలో హామీగా ఉండదు. స్తోమత ఉండి ఆలస్యం చేసిన వారిపై వేసే జరిమానా బ్యాంకు ఆదాయం కాదు, అది సాంఘిక నిధికే పోవాలి. ఇవన్నీ సంతకానికి ముందే అడిగి తెలుసుకోవలసిన సంగతులు. ధర్మసమ్మతమైన అప్పు కూడా అప్పే. దైవప్రవక్త (స) అప్పు భారం నుంచి అల్లాహ్ శరణు కోరేవారన్నది మనం మరువరాదు.

మూడవది: నీటి లెక్క

బెకాసీ అన్న పేరు 'చంద్రభాగ' నుంచి వచ్చిందని పండితులు చెబుతారు. ఉత్తర జకార్తా తీరంలోని తుగు వద్ద దొరికిన 5వ శతాబ్దపు శాసనం పల్లవ లిపిలో, సంస్కృతంలో ఉంది. చంద్రభాగను త్రవ్వించిన సంగతి, పూర్ణవర్మ అనే రాజు గోమతి కాలువను త్రవ్వించిన సంగతి అందులో ఉన్నాయి. అంటే పదిహేను వందల ఏళ్ళ క్రితమే ఈ నేలను ఏలినవారికి నీటిని దారి మళ్ళించే పని తప్పలేదు. పొలం నీటిని పీల్చుకొంటుంది, సిమెంటు పీల్చుకోదు. చికెయాస్, చిలెయుంగ్సి నదులు కలిసి బెకాసీ నది అయ్యే చోట ఉన్న కాలనీలు 2020 జనవరి 1న మునిగాయి. 2025లో రమజాన్ మొదటి వారంలో మళ్ళీ మునిగాయి.

ఇల్లు చూడడానికి ఎండాకాలంలో వెళ్ళకండి, వర్షాలు కురిసే జనవరి, ఫిబ్రవరిలలో వెళ్ళండి అని మా మిత్రులు అక్కడివారికి చెబుతుంటారు. గోడల మీద మరక ఎంత ఎత్తున ఉందో చూడాలి. వీధి పెద్దను, అక్కడివారు 'పాక్ ఎర్‌తె' అంటారు, కలిసి అడగాలి. అమ్మేవారు చెప్పనిది ఆయన చెబుతారు.

నాలుగవది: వేళల లెక్క

ఈ లెక్కను వేసేవారు మాకు చాలా తక్కువగా కనబడ్డారు. విద్యుత్ రైలు టిక్కెట్టు మొదటి 25 కిలోమీటర్లకు 3000 రూపియాలే. 2017 నుంచి అది చికారాంగ్ దాకా పోతున్నది. 2023 ఆగస్టులో బెకాసీ వరకు తేలికపాటి మెట్రో కూడా ప్రారంభమైంది. స్త్రీలకు ప్రత్యేక పెట్టెలున్నాయి, స్టేషన్లలో నమాజు గదులున్నాయి. రమజాన్‌లో ఉపవాస విరమణ వేళ బండిలోనే నీరు, ఖర్జూరం తీసుకోనిస్తారు. సౌకర్యాలకు లోటు లేదు. అయినా ఇంటి గడప నుంచి కార్యాలయం దాకా గంటన్నర, తిరుగు దారి గంటన్నర పడుతున్నదని అల్లుడు చెప్పాడు. చౌకగా వస్తుందని వారు చూస్తున్న ఇల్లు స్టేషన్‌కు ఇంకా దూరం.

మేము అతని చేతనే లెక్క వేయించాము. రోజుకు 3 గంటలు, నెలకు 22 దినాలు, ఏడాదికి 792 గంటలు. అంటే 33 రాత్రింబగళ్ళు. 15 ఏళ్ళ వాయిదాలు తీరేసరికి 495 రాత్రింబగళ్ళు, దాదాపు 16 నెలలు. ఆ అంకె వ్రాసి అతను కలం కింద పెట్టేశాడు. జకార్తాలో ఏడాది పొడవునా మగ్రిబ్ సుమారు ఆరు గంటల ప్రాంతంలోనే. తండ్రి మగ్రిబ్ ఏదో స్టేషన్ గదిలో వరుస కోసం వేచి ఉండగా గడుస్తుంది. ఇల్లు చేరేసరికి పిల్లవాడు నిద్రపోతాడు. "వాడు నన్ను ఆదివారపు నాన్న అనుకొంటాడేమో ఉస్తాద్" అన్నాడు. అమ్మాయి ఏమీ అనలేదు, పిల్లవాడిని ఒడిలోకి లాక్కొంది.

రెండవ ఇల్లు కొనదలచినవారికి

ఉన్న ఇంటికి తోడు మరొకటి కొని ఉంచితే ధర పెరుగుతుందన్న ఆశ అక్కడా బలంగా ఉంది. తక్కువ ఆదాయం వారికై ప్రభుత్వం రాయితీతో ఇచ్చే ఇళ్ళకు జబొదెతబెక్‌లో 2024 నాటి గరిష్ఠ ధర 18 కోట్ల 50 లక్షల రూపియాలు. ఆ ఇంట్లో కొన్నవారే నివసించాలి. 5 ఏళ్ళ లోపు అద్దెకివ్వరాదు, అమ్మరాదు. అయినా తలుపులు మూసి, గడ్డి మొలిచిన ఇళ్ళను మేము వరుసలు వరుసలుగా చూశాము. ఇల్లు లేని ఒక కుటుంబం వంతును అక్రమంగా ఆపి ఉంచిన తలుపులవి. అందులో లాభం వచ్చినా బర్కత్ ఎక్కడి నుంచి వస్తుంది?

న్యాయంగా కొన్న రెండవ ఇంటికి అభ్యంతరం లేదు. అయితే జకాత్ సంగతి తెలిసి ఉండాలి. నివాసపు ఇంటిపై జకాత్ లేదు. అమ్మి లాభం పొందే ఉద్దేశంతోనే కొన్న ఇంటికి ఏటా దాని విలువపై రెండున్నర శాతం విధి. అద్దెకిచ్చిన ఇంటి విలువపై లేదు. చేతిలో మిగిలిన అద్దె సొమ్ము ఇతర ధనంతో కలిసి లెక్కకు వస్తుందని ఫుఖహాలో అధికుల అభిప్రాయం.

ఉద్యోగరీత్యా అక్కడికి వెళ్ళిన మన తెలుగువారికి ఒక మాట. విదేశీయులకు హక్ మిలిక్ దక్కదు, వినియోగ హక్కైన 'హక్ పకాయ్' మాత్రమే నిబంధనలతో లభిస్తుంది. అక్కడి స్నేహితుని పేర కొని, లోపాయికారీ కాగితం వ్రాయించుకొనే పద్ధతిని చట్టం చెల్లనిదిగా ప్రకటించింది. ఆ భూమి ప్రభుత్వపరం కాగలదు, ఇచ్చిన సొమ్ము వెనక్కి అడిగే వీలుండదు.

చివరికి వారేమి చేశారు

మేము తిరిగి వచ్చిన కొన్ని నెలలకు మిత్రుని నుంచి కబురు వచ్చింది. వారు కొత్త కాలనీ ఆశ వదులుకొని, స్టేషన్‌కు నడిచిపోగల దూరంలో ఒక పాత చిన్న ఇల్లు తీసుకొన్నారు. రెండు గదులు, పైకప్పు మరమ్మతు చేయించాలి, ముందు జాగా లేదు. పత్రం హక్ మిలిక్. 2020లోనూ 2025లోనూ ఆ వీధిలోకి నీరు రాలేదని వీధి పెద్ద చెప్పారట. అదే ధరకు దూరాన ఇంతకు రెట్టింపు ఇల్లు వచ్చేదని బంధువులు ఎత్తిపొడిచారట. ప్రయాణం రోజుకు గంట తగ్గింది. మగ్రిబ్ ఇప్పటికీ దారిలోనే, కాని పిల్లవాడు నిద్రపోక ముందే తండ్రి ఇల్లు చేరుతున్నాడు. పోయిన బయానా మాత్రం తిరిగి రాలేదు. ఆ కేసు ఇంకా నడుస్తూనే ఉంది.

ఆ అమ్మాయి ప్రశ్నకు మేము ఆలస్యంగానైనా సమాధానం వ్రాసి పంపాము: అమ్మా, హరామ్‌కు దూరంగా ఉండాలన్న నీ సంకల్పం వృథా కాదు, దాని ప్రతిఫలం అల్లాహ్ వద్ద భద్రం. కాని మంచి సంకల్పం పత్రం చూడకపోవడానికి సాకు కారాదు. ఒంటెను కట్టివేసి, ఆపై అల్లాహ్‌పై భారం వేయమని మనకు నేర్పిన ప్రవక్త (స) అనుచరులము మనము.

అల్లాహ్ మనందరికీ ధర్మసమ్మతమైన నీడను, అందులో మనవారితో గడిపే వేళలను ప్రసాదించుగాక. ఆమీన్.