మూడు సెంచరీల దూరంలో...

కోల్‌కతాలో 281 పరుగులు చేసిన వీవీఎస్ లక్ష్మణ్ 'చాలా మంచి' ఆటగాడా, 'గొప్ప' ఆటగాడా? ఐసీసీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో మనవాడి పేరు ఎందుకు లేదు? ఉండాలా, అక్కర్లేదా?

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే బస్సు గరికపాడు చేరిందంటే ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చినట్టే. జగ్గయ్యపేట పక్కనున్న ఈ ఊరు 2014లో రాష్ట్రం రెండయ్యాక సరిహద్దు చెక్‌పోస్టు ఊరైంది. విభజనలో ఆస్తులు, అప్పులు, ఉద్యోగులు... అన్నిటికీ లెక్కలు వేసి పంచుకున్నారు. పంచుకోవడానికి వీల్లేనివి కొన్ని మిగిలాయి. వాటిలో లక్ష్మణ్ ఆట ఒకటి. అతను పుట్టింది హైదరాబాద్‌లో. అమ్మానాన్నలు విజయవాడకు చెందిన వైద్యులు. అందుకే చెక్‌పోస్టుకి అటువాళ్లూ ఇటువాళ్లూ కూడా 'మనవాడే' అంటారు. ఆ మాట దగ్గర పేచీ లేదు. పేచీ అంతా ఆ తర్వాతి మాట దగ్గరే.

అంతర్జాతీయ క్రికెట్ మండలి 2009లో హాల్ ఆఫ్ ఫేమ్ ప్రారంభించింది. క్రికెట్ చరిత్రలో మహామహుల పేర్లతో తయారైన గౌరవ జాబితా అది. 2025 నాటికి మనదేశం నుంచి పదకొండు మందికి అందులో చోటు దక్కింది. బేడీ, గావస్కర్, కపిల్‌దేవ్, కుంబ్లే, ద్రవిడ్, సచిన్, వినూ మన్కడ్, సెహ్వాగ్, డయానా ఎడుల్జీ, నీతూ డేవిడ్, ధోనీ. ఈ వరసలో లక్ష్మణ్ లేడు.

కోల్‌కతాలో ఎవరెవరున్నారు?

2001 మార్చి, ఈడెన్ గార్డెన్స్. వరసగా 16 టెస్టులు గెలిచి వచ్చిన ఆస్ట్రేలియా మొదటి ఇన్నింగ్స్‌లో 445 కొట్టింది. మనవాళ్లు 171కే చాప చుట్టేసి ఫాలోఆన్‌లో పడ్డారు. ఆ 171లో 59 లక్ష్మణ్‌వే. రెండో ఇన్నింగ్స్‌లో అతణ్ని మూడో స్థానంలో పంపారు. నాలుగో రోజు పొద్దున లక్ష్మణ్, ద్రవిడ్ కలిసి బ్యాటింగ్‌కు దిగారు. సాయంత్రం ఇద్దరూ కలిసే తిరిగొచ్చారు. మధ్యలో ఒక్క వికెట్టూ పడలేదు. ఆ భాగస్వామ్యం 376 పరుగులు. ద్రవిడ్ ఇన్నింగ్స్ 180, లక్ష్మణ్‌ది 281. అప్పటికి టెస్టుల్లో భారతీయుడి అత్యధిక స్కోరు అదే. చివరికి 171 పరుగుల తేడాతో మనం గెలిచాం. ఫాలోఆన్ ఆడి టెస్టు గెలవడం ప్రపంచ క్రికెట్‌లో అది మూడోసారి మాత్రమే.

ఇప్పుడు ఆ మ్యాచ్ ఆడినవాళ్ల జాబితా ఒకసారి చూడండి. స్టీవ్ వా, పాంటింగ్, హేడెన్, గిల్‌క్రిస్ట్, వార్న్, మెక్‌గ్రాత్... ఆస్ట్రేలియా వైపు నుంచే ఆరుగురు హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నారు. మనవైపు నుంచి సచిన్, ద్రవిడ్ ఉన్నారు. వాళ్లందరి మధ్య నిలబడి ఆ మ్యాచ్‌ను మలుపు తిప్పినవాడు మాత్రం బయట ఉన్నాడు.

అభిమానులకు ఇది అన్యాయంగా తోస్తుంది. కానీ ఒక్క మ్యాచ్ చూపించి తలుపు తియ్యమంటే కుదురుతుందా?

అంకెల పుస్తకం ఏమంటోంది?

లక్ష్మణ్ 134 టెస్టుల్లో 8,781 పరుగులు చేశాడు. సగటు 45.97. సెంచరీలు 17, అర్ధసెంచరీలు 56. వన్డేలు 86 ఆడాడు, పరుగులు 2,338. ప్రపంచకప్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. 2003లో చోటు ఖాయమనుకున్నా ఆఖరికి జట్టులో పేరు లేకపోయింది.

ఐసీసీ గతంలో ప్రకటించిన ప్రమాణం ఒకటుంది. బ్యాట్స్‌మన్‌కు టెస్టుల్లోగానీ వన్డేల్లోగానీ 8,000 పరుగులతోపాటు 20 సెంచరీలు ఉండాలి. లేదంటే సగటు 50 దాటాలి. లక్ష్మణ్‌కు పరుగులున్నాయి. సెంచరీలు మాత్రం మూడు తక్కువ. సగటు నాలుగు తక్కువ. సెహ్వాగ్ సంగతి చూస్తే 104 టెస్టుల్లో 8,586 పరుగులు, 23 సెంచరీలు, సగటు 49.34. అందులో రెండు ట్రిపుల్ సెంచరీలు. 2023లో అతని పేరు చేరినప్పుడు ఎవరూ నోరెత్తలేదు.

అయితే అదే ఏడాది చేరిన శ్రీలంక ఆటగాడు అరవింద డిసిల్వా లెక్క వేరు. టెస్టుల్లో 20 సెంచరీలున్నా పరుగులు 6,361, సగటు 42.97. వన్డేల్లో 9,284 పరుగులున్నా సెంచరీలు 11. పై కొలతకు రెండు చోట్లా తూగడు. కానీ 1996 ప్రపంచకప్ ఫైనల్లో మూడు వికెట్లు తీసి, ఆపైన 107 నాటౌట్‌గా నిలిచి తన దేశానికి కప్పు తెచ్చాడు. అంటే గీత ఉన్నా, గీతకు ఇవతల నిలిచినవాళ్లను లోపలికి పిలిచిన సందర్భాలూ ఉన్నాయన్నమాట.

అమెరికాలో రోజూ ఇదే గొడవ!

ఇలాంటి వాదనలు మనకు కొత్తేమోగానీ అమెరికావాళ్లకు ఏటా జరిగే తంతు. క్రికెట్‌కు దాయాదిలాంటి బేస్‌బాల్‌కు న్యూయార్క్ రాష్ట్రంలోని కూపర్స్‌టౌన్ అనే చిన్న ఊళ్లో హాల్ ఆఫ్ ఫేమ్ ఉంది. 1936లో తొలి విడత ఎన్నికలు జరిగాయి. కనీసం పది సీజన్లు ఆడి, ఆట మానేసి అయిదేళ్లయిన వాళ్ల పేర్లు బరిలో ఉంటాయి. ఓటు వేసేది సీనియర్ క్రీడా విలేకరులు. నూటికి 75 ఓట్లు పడాలి. అయిదు శాతం కూడా రాకపోతే పేరు కొట్టేస్తారు. అదృష్టం బాగుంటే పదేళ్లదాకా ఏటా అవకాశం ఉంటుంది.

అక్కడివాళ్లు ఎగతాళిగా వాడే మాట ఒకటుంది: 'హాల్ ఆఫ్ వెరీ గుడ్'. అంటే 'చాలా మంచివాళ్ల మందిరం'. మహామహులకని కట్టిన చోట చాలా మంచి ఆటగాళ్లందరినీ చేర్చుకుంటూ పోతే చివరికి అలా పేరు మార్చుకోవాల్సి వస్తుందని ఎత్తిపొడుపు. 2019లో హెరాల్డ్ బెయిన్స్ అనే ఆటగాడి విషయంలో ఈ గొడవ తారస్థాయికి చేరింది. విలేకరుల ఓటింగ్‌లో అతనికి ఏ ఏడాదీ 6.1 శాతానికి మించి రాలేదు. కానీ పాత ఆటగాళ్ల పేర్లను మళ్లీ పరిశీలించే 16 మంది కమిటీలో 12 ఓట్లు పడ్డాయి. అతను లోపలికి వెళ్లాడు. 'బెయిన్స్ అర్హుడైతే ఫలానావాడు ఎందుకు కాదు?' అన్న ప్రశ్న అప్పట్నుంచీ ఆగలేదు.

లక్ష్మణ్‌ను వద్దనేవాళ్ల వాదనా ఇదే. అతణ్ని పిలిస్తే వెనకాల పెద్ద క్యూ ఉంది. గుండప్ప విశ్వనాథ్ సంగతేంటి? 91 టెస్టుల్లో 6,080 పరుగులు. అతను సెంచరీ కొట్టిన ఏ టెస్టులోనూ భారత్ ఓడిపోలేదు. లార్డ్స్‌లో మూడు సెంచరీలు కొట్టిన వెంగ్‌సర్కార్ మాటేంటి? వన్డేల్లో 11,363 పరుగులున్న గంగూలీ? 417 టెస్టు వికెట్లు తీసిన హర్భజన్? ఇంట్లో మూడు తరాలూ కలిసి కూర్చుంటే తాతయ్య విశ్వనాథ్ పేరు చెబుతాడు. నాన్న లక్ష్మణ్ అంటాడు. మనవడికి వీళ్లిద్దరూ యూట్యూబ్‌లో కనిపించేవాళ్లే. ఎవరి కాలం వాళ్లకు గొప్ప. అందుకే అందరికీ ఒకే కొలత ఉండాలనేది వీళ్ల మాట.

పైగా లక్ష్మణ్ ఆటలో ఎత్తులెంత నిజమో పల్లాలూ అంతే నిజం. 2011లో ఇంగ్లండ్‌లో నాలుగు టెస్టుల్లో చేసింది 182 పరుగులే. ఆ తర్వాత ఆస్ట్రేలియాలో మరో నాలుగు టెస్టుల్లో 155. రెండు సిరీస్‌లూ మనం 4-0తో ఓడిపోయాం. ఈ మాట దాచిపెట్టి వాదిస్తే వాదన చెల్లదు.

ఏ గడిలో రాయాలి?

మరి అవుననేవాళ్ల వాదనలో బలమెంత? వాళ్లు మొదట ఎత్తేది ఆస్ట్రేలియా మాట. ఆ తరంలో ప్రపంచాన్ని ఏలిన జట్టు మీద లక్ష్మణ్ 29 టెస్టుల్లో 2,434 పరుగులు, ఆరు సెంచరీలు చేశాడు. సగటు 49.67. అంటే ఎదుటివాడు గట్టివాడైతే అతని ఆట మామూలుకన్నా పెరిగింది.

రెండో మాట ఇంకా ముఖ్యమైంది. లక్ష్మణ్ ఎక్కువ కాలం అయిదు, ఆరు స్థానాల్లో ఆడాడు. అతను కుదురుకునేసరికి అవతలి వైపు బౌలర్లు బ్యాట్ పట్టుకుని వచ్చేవారు. 2010 అక్టోబరులో మొహాలీ టెస్టు గుర్తుందా? ఆస్ట్రేలియా మీద లక్ష్యం 216. ఎనిమిది వికెట్లు పడేసరికి స్కోరు 124. నడుం నొప్పితో సరిగా నిలబడలేకపోతున్న లక్ష్మణ్, రన్నర్‌ను పెట్టుకుని, ఇషాంత్ శర్మను వెంటబెట్టుకుని తొమ్మిదో వికెట్‌కు 81 పరుగులు జోడించాడు. ఒక్క వికెట్ తేడాతో గెలిచాం. అతని స్కోరు 73 నాటౌట్. అదే ఏడాది డిసెంబరులో డర్బన్‌లో దక్షిణాఫ్రికాపై రెండో ఇన్నింగ్స్‌లో 96 కొట్టాడు. ఆ మ్యాచ్ మొత్తంలో రెండువైపులా అదే పెద్ద స్కోరు. అదీ గెలిచాం.

ఈ రెండూ సెంచరీల పట్టికలోకి రావు. అందులో 17 అనే అంకె అలాగే ఉంటుంది. స్కోరు 400 దాటాక, మ్యాచ్ డ్రా అని తేలిపోయాక కొట్టిన సెంచరీ మాత్రం పట్టికలో దర్జాగా కూర్చుంటుంది. మూడు సెంచరీలు తక్కువన్నది నిజమే. కానీ ఆ మూడింటి బదులు ఏం ఇచ్చాడన్నది చూడకుండా తీర్పు చెబితే సగం పుస్తకమే చదివినట్టు.

అంకెలు ఎంత దూరం చూడగలవో తెలియాలంటే మరో తెలుగు పేరు చాలు. కల్నల్ సీకే నాయుడు. నాగపూర్‌లో తెలుగు కుటుంబంలో పుట్టారు. 1926లో బొంబాయిలో ఎంసీసీ జట్టు మీద 11 సిక్సర్లతో 153 పరుగులు చేసి, తెల్లవాళ్లతో సమానంగా ఆడగలమని దేశానికి ధైర్యం ఇచ్చారు. 1932లో భారత్ ఆడిన మొట్టమొదటి టెస్టుకు ఆయనే కెప్టెన్. అప్పటికి ఆయన వయసు 36. ఆడింది ఏడు టెస్టులే. చేసింది 350 పరుగులు, సగటు 25. ఈ అంకెలు మాత్రమే చూస్తే ఆయన జట్టులో చోటుకే తగరు. ఆయన లేకుండా భారత క్రికెట్ కథ చెప్పడమే కుదరదు. బీసీసీఐ ఇచ్చే జీవిత సాఫల్య పురస్కారం ఆయన పేరుమీదే ఉంది. ఐసీసీ జాబితాలో మాత్రం ఆయనా లేరు.

తలుపు ఇరుకుగానే ఉండాలి

తీర్పు చెప్పేది ఎవరన్నదీ ముఖ్యమే. ఉప్పల్ స్టేడియంలో నార్త్ స్టాండ్‌కు అజహరుద్దీన్ పేరా, లక్ష్మణ్ పేరా అన్న వివాదం 2025లో అంబుడ్స్‌మన్ దాకా, అక్కణ్నుంచి హైకోర్టు దాకా వెళ్లింది. అజహర్ పేరు తీసెయ్యాలని అంబుడ్స్‌మన్ ఆదేశిస్తే, తీయొద్దని హైకోర్టు చెప్పింది. సొంత ఊళ్లో ఒక గోడ మీద పేరుకే ఇంత పట్టింపు ఉంటే, ప్రపంచం మొత్తానికీ ఒకే గోడ ఉన్నప్పుడు కొలత ఎంత స్పష్టంగా ఉండాలి?

తలుపు ఇరుకుగానే ఉండాలి. అందరూ దూరగలిగే చోటుకి గౌరవం ఉండదు. కాబట్టి లక్ష్మణ్ మనవాడు కాబట్టి ఇవ్వమనడం సరికాదు. అడగాల్సిన ప్రశ్న వేరు. ఆ తరం క్రికెట్‌ను రేపు ఎవరైనా చరిత్రగా రాస్తే అతని పేరు లేకుండా రాయగలరా? మిగతా చాలా మంచి ఆటగాళ్లలో ఎక్కువమంది విషయంలో కష్టపడితే రాయొచ్చు. 2001 తర్వాతి భారత క్రికెట్‌ను మాత్రం ఆ నాలుగో రోజు ఆట లేకుండా రాయడం కుదరదు. ఆ పరీక్షకు నిలిచేవాళ్లు క్యూలో మరీ ఎక్కువమంది ఉండరు. విశ్వనాథ్ నిలుస్తాడంటే అతణ్నీ పిలవాల్సిందే.

ఇలాంటి చర్చ అవసరమే లేని పేరూ మన దగ్గరే ఉంది. హైదరాబాద్‌లో పెరిగిన మిథాలీ రాజ్ వన్డేల్లో 7,805 పరుగులు చేసింది. సగటు 50 పైనే. ఆఖరి మ్యాచ్ ఆడింది 2022 మార్చిలో. అయిదేళ్ల నిబంధన ప్రకారం 2027లో ఆమె పేరు పరిశీలనకు వస్తుంది. ఏ కొలత తీసినా ఆమె నెగ్గుతుంది. ఆమె రోజు వచ్చినప్పుడు మన ఇళ్లల్లో సంబరమే తప్ప వాదన ఉండదు. లక్ష్మణ్ విషయంలో మాత్రం ఆదివారం పూట టీ చల్లారేదాకా వాదించుకోవచ్చు. కాకపోతే ఈసారి 17 సెంచరీల దగ్గర ఆగిపోకుండా మొహాలీ 73నూ లెక్కలోకి తీసుకుని వాదించుకోవాలి.