ముందు పాత దుప్పటిపై కత్తెర

రంజాన్ సగం గడిచిందంటే సూర్యాపేటైనా, కోదాడైనా, మిర్యాలగూడైనా దర్జీ కొత్త గుడ్డ పట్టుకోవడానికి వెనుకాడతాడు. ఇంట్లో మిషన్ ఉన్నా, ఖరీదైన పట్టుగుడ్డ మీద కత్తెర పెట్టాలంటే మన ఆడపడుచులకు చేయి ఆడదు. కోసిన గుడ్డ మళ్లీ అతకదు కదా!

1858లో చార్లెస్ వర్త్ దుకాణం తెరిచిన నాటి నుంచి మేలిరకం దర్జీతనానికి పారిస్ పెట్టింది పేరు. అక్కడ అసలు గుడ్డను ముందే కోయరు. చవక నూలుగుడ్డతో నమూనా కుట్టి, తొడిగి, సరిచేసి, ఆ ముక్కలనే కొలతగా వాడతారు. మనకు పాత దుప్పటి చాలు. దానితో కుర్తా కుట్టి అమ్మాయికి తొడగండి. చేతులెత్తమనండి, రుకూలో, సజ్దాలో వంగినట్టు వంగమనండి. ఎక్కడ పట్టేస్తుందో అప్పుడే తెలిసిపోతుంది. మన పెద్దలు చంక కింద చౌబగ్లా ముక్క వేసింది ఇందుకే.

దైవప్రవక్త (స) తమ దుస్తులు తామే కుట్టుకునేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. సూది ఆడవాళ్ల పని అనే మగవారు ఇది గమనించాలి.

నూలుగుడ్డయితే కోసే ముందు తడిపి ఆరబెట్టండి. కుదింపు అప్పుడే తీరుతుంది. మిషన్‌కు ముందు చేత్తో కచ్చా కుట్టు వేయండి. పక్క కుట్లలో అంగుళం గుడ్డ వదలండి. ఎదిగే పిల్లకు వచ్చే ఈద్‌కు విప్పి వదులు చేయవచ్చు. అంచుకు తుర్పాయీ చేసేటప్పుడు పైగుడ్డలో ఒక్క పోగునే సూదితో అందుకోండి. దారం బిగించి లాగితే ముడతలు పడతాయి.

ఆరు గజాల ఖడా దుపట్టా జోలికి మాత్రం మొదటి ఏడాదే పోకండి.