నా బోరు, నా ఇష్టం?

"నా పొలం, నా డబ్బు, నా బోరు. నేనెంత నీరు తోడుకుంటే ఎవరికేం?"

ఈ మాట చాలా ఊళ్ళలో వినబడుతుంది. నిజమే కదా అనిపిస్తుంది. కాని గట్లు భూమి పైనే ఉంటాయి. భూమి లోపల గట్లు లేవు. మన బోరులోకి పక్క చేను కింది నీరు కూడా వస్తుంది.

పూర్వం బావి నీటిని మోటతో తోడేవారు. రాయలసీమలో దాన్ని కపిల అంటారు. ఎద్దులు అలిసిపోతే మోట ఆగేది. రాత్రంతా బావిలో నీరు ఊరేది. తరువాత కరెంటు మోటార్లు వచ్చాయి. బోర్లు వచ్చాయి. మోటారుకు అలుపు లేదు. కరెంటు ఉన్నంతసేపూ తోడుతుంది.

మరి భూమిలోకి చేరే నీరు ఎంత? మన రాతి నేలల్లో 100 బిందెల వాన పడితే, సుమారు 10 బిందెలే లోపలికి ఇంకుతాయి. అనంతపురం ప్రాంతంలో ఏడాదికి పడే వానే సుమారు 550 మిల్లీమీటర్లు. అంటే రెండు అడుగులు కూడా లేదు. పొదుపు సంఘంలో నెలకు 10 రూపాయలు వేసి, 15 రూపాయలు తీస్తే ఏమవుతుంది? పాత నిల్వ కరిగిపోతుంది. భూమిలో నీరు కూడా అంతే.

ఒకప్పుడు 30, 40 అడుగుల్లో దొరికిన నీరు చాలా చోట్ల వందల అడుగుల లోతుకు పోయింది. కొత్త బోరు వేయాలంటే అప్పు చేయాలి. మెడలో గొలుసు తాకట్టుకు పోతుంది. బోరులో నీరు పడకపోతే గొలుసూ లేదు, నీరూ లేదు.

ఊరి బోరింగు ఎండిపోతే ట్యాంకరు కోసం ఎదురుచూడాలి. అది ఎప్పుడొస్తుందో తెలియదు. ఆ రోజు కూలికి పోవడానికి లేదు. పుట్టింటికి పోవడానికి లేదు. బిందెల దగ్గర కూర్చోబెడితే ఆడపిల్లకు బడి పోతుంది. వాళ్ళను ఎవరూ కట్టెయ్యలేదు. అయినా కదలడానికి వీల్లేదు.

లోతు నీటితో ఇంకో ముప్పు ఉంది. నల్గొండ ప్రాంతపు రాళ్ళలో ఫ్లోరైడ్ ఉంది. అది మనిషి కలిపింది కాదు. కాని పై నీరు అయిపోతే, రాళ్ళలో చాలాకాలం నిలిచిన లోతు నీరే గతి. అందులో ఫ్లోరైడ్ తరచుగా ఎక్కువ ఉంటుంది. లీటరు నీటిలో అది 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. దాటిన నీరు ఏళ్ళ తరబడి తాగితే పళ్ళు గారపడతాయి. ఇంకా ఎక్కువైతే ఎముకలు బిగుసుకుపోతాయి. నడుము వంగిపోతుంది. నీళ్ళు కాచినా ఫ్లోరైడ్ పోదు.

ఇందుకే 2002లో నీరు, భూమి, చెట్ల చట్టం వచ్చింది. దాన్నే వాల్టా చట్టం అంటారు. ఊరి మంచినీటి బావికి, బోరింగుకు 250 మీటర్ల లోపల అనుమతి లేకుండా కొత్త బోరు వేయకూడదు. ఇది ఒకరి ఇష్టానికి అడ్డు అనిపించవచ్చు. కాని ఊరందరి మంచినీటికి ఇది కాపు.

చట్టం ఒక్కటే చాలదు. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 7 కరువు జిల్లాల్లో ఒక పథకం మొదలైంది. అనంతపురం, నల్గొండ కూడా అందులో ఉన్నాయి. ఆడవాళ్ళు, మగవాళ్ళు కలిసి వాన ఎంత పడిందో కొలిచారు. బోర్లలో నీరు ఎంత లోతున ఉందో కొలిచి రాశారు. ఊరిలో ఉన్న నీటికి లెక్క కట్టారు. ఫలానా పంటే వేయాలని ఎవరూ ఆజ్ఞ పెట్టలేదు. లెక్క తెలిశాక చాలామంది తామే వరి తగ్గించారు. ఒక ఎకరం వరికి పట్టే నీటితో రెండు ఎకరాల వేరుశనగ పండించవచ్చు.

ఎద్దులు అలిసినప్పుడు మోట ఆగేది. మోటారు తనంతట తాను ఆగదు. ఎప్పుడు ఆపాలో మనమే తెలుసుకోవాలి. అలా తెలుసుకున్న ఊరికి ట్యాంకరు కోసం ఎదురుచూసే బాధ తగ్గుతుంది.

ఆలోచించండి, మాట్లాడుకోండి:

1. పదేళ్ళ కిందట మీ ఊరి బావిలో నీరు ఎంత లోతున ఉండేది? ఇప్పుడెంత?

2. నీళ్ళ కోసం బడి మానే పిల్ల మీ వాడలో ఉందా?

3. నీటి లోతును నెలకోసారి కొలిచి, ఊరి గోడ మీద ఎవరు రాస్తారు? ఇప్పుడు మీకు రాయడం వచ్చు కదా!