నీళ్ళు పెట్టే పరీక్ష

2021 నవంబరులో తిరుపతిలో ఒక వింత జరిగింది. ఆ నెల కురిసిన వానలకు వీధులు వాగులైనాయి. ఎమ్.ఆర్. పల్లి వైపు శ్రీకృష్ణనగర్‌లో ఒక ఇల్లాలు నీళ్ళతొట్టిని శుభ్రం చెయ్యటానికి అందులోకి దిగింది. ఆ తొట్టి నేలమీద కట్టినది కాదు. సిమెంటు వరలు ఒకదానిమీద ఒకటి పేర్చి, సుమారు పాతిక అడుగుల లోతుకు భూమిలో దించినది. ఆమె లోపల ఉండగానే అది భూమిని చీల్చుకుని, పుట్టలోంచి పాము పడగెత్తినట్టు పైకి లేచింది! ఆమె చిన్న దెబ్బలతో బయటపడింది. ఆ వింత చూడటానికి జనం విరగబడి వచ్చారు.

ఇది దయ్యాల పని అనుకునేరు! ఖాళీ చెంబును నిలువుగా పట్టుకుని బక్కెట్టు నీళ్ళలోకి అదమండి. అది మీ చేతిని పైకి తోస్తుంది. ఎన్ని నీళ్ళను పక్కకు నెడితే అన్ని నీళ్ళ బరువుతో పైకి తోపు పుడుతుందని ఆర్కిమిడీస్ రెండువేల ఏళ్ళ కిందటే చెప్పాడు.

ఇప్పుడు మనమే ఒక లెక్క వేసుకుందాం. అడుగు మూసిన తొట్టి ఒకటి మీటరు వెడల్పు, ఏడున్నర మీటర్ల లోతు ఉన్నదనుకోండి. భూమిలో నీరు నేలమట్టం దాకా వస్తే దాని మీద తోపు దాదాపు 5,900 కిలోలు. వరల మందం రెండంగుళాలయితే తొట్టి బరువు 3,000 కిలోలకు అటూ ఇటూగా ఉంటుంది. తొట్టి నిండా నీళ్ళున్నంత కాలం ఆ నీళ్ళే దాన్ని అదిమి పట్టి ఉంచుతాయి. శుభ్రం చెయ్యాలంటే నీళ్ళు తోడక తప్పదు గదా! నానిన మన్ను కూడా పట్టు వదిలేస్తే ఇక దాన్ని ఆపేదేమున్నది?

వేసవిలో గొయ్యి తవ్వినవాడికి ఈ ప్రమాదం తోచదు. తిరుపతి ప్రాంతంలో పెద్ద వానలు అక్టోబరు మొదలు డిసెంబరు దాకా వస్తాయి. అందుకని కొత్త ఇల్లు చూడబోయినప్పుడు మొదట ఇరుగుపొరుగు వాళ్ళను ఒకమాట అడగాలి: "వానాకాలంలో మీ బావిలో నీళ్ళు ఎంత పైకి వస్తాయండీ?" చాలామంది ఈ మాట అడగరు. గోడల రంగు చూసి మురిసిపోతారు.

రంగు అబద్ధమాడవచ్చును గాని, నీళ్ళు ఆడవు. ఈసారి మీ నాన్నగారు కొత్త ఇల్లు చూడబోతే మీరూ వెంట వెళ్ళండి. స్నానాలగదిలో బక్కెట్టు నీళ్ళు పొయ్యండి. అవి తూము వైపు పోతున్నాయా, మూలకు చేరి నిలుస్తున్నాయా? మిద్దె మీద చుట్టూ గట్లు కట్టి, రెండు మూడు రోజులు నీళ్ళు నిలబెట్టి, కింద గదిలో కప్పు చెమ్మగిల్లుతుందేమో చూడమని పెద్దవాళ్ళతో చెప్పండి. నేల మట్టంగా ఉన్నదా? దానికీ నీళ్ళే సాక్షి. మేస్త్రీలు సన్నని గొట్టంలో నీళ్ళు నింపి, రెండు కొసలూ రెండు గోడల దగ్గర పైకెత్తి పట్టుకుంటారు. రెండు వైపులా నీళ్ళు ఒకే మట్టాన నిలుస్తాయి. గోడ నిలువు చూడటానికి మాత్రం దారానికి వేలాడే గుండు కావాలి. నేల బండలను రూపాయి బిళ్ళతో తట్టండి. డొల్ల శబ్దం వస్తే ఆ బండ కింద సిమెంటు సరిగా పరవలేదన్నమాట.

అన్నిటికన్న మోసకరమైన లోపం మరొకటి ఉన్నది. సిమెంటు ఆరి గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది నీటితో కలిసి రసాయనిక మార్పు చెంది గట్టిపడుతుంది. మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, బూడిద కలిపిన సిమెంటుకు 10 రోజులు తడి ఆరకుండా చూడాలి. దాని బలాన్ని 28వ రోజున పరీక్షిస్తారు. మన రాయలసీమ ఎండలో పొద్దున తడిపిన గోడ మధ్యాహ్నానికే ఎండిపోతుంది. తడపటంలో బద్ధకించిన గోడను గోటితో గీకితే పొడి రాలుతుంది. పైన రంగు వేశాక ఆ సంగతి ఎవరికీ కనపడదు. చంద్రగిరి రాజమహలు కట్టినవాళ్ళకు సిమెంటే లేదు. రాయి, ఇటుక, సున్నంతో, కర్ర వాడకుండా మూడంతస్తులు లేపారు. సున్నం మెల్లిగా గట్టిపడే సరుకు. తొందరపడితే దానితో పని జరగదు.

ఇక బీటలు. పూతలో వెంట్రుకవాసి గీతలు కనపడితే అంత భయం లేదు. కిటికీ మూలనుంచి ఏటవాలుగా పాకి, రూపాయి బిళ్ళ దూరేటంత వెడల్పయిన బీటను మాత్రం ఊరికే వదలరాదు; అది పునాది కుంగటంవల్ల వచ్చినది కావచ్చును. ఒకవేళ అది చిన్నదే అయితే, దాని కొస దగ్గర పెన్సిలుతో అడ్డగీత గీసి, పక్కనే తేదీ వెయ్యండి. నెల తరవాత వెళ్ళి చూడండి. బీట గీత దాటి ఉంటే ఇంజనీరును పిలిపించి చూపించమని మీ నాన్నగారితో చెప్పండి.