మాటే ఆమెకు కొలువు

మీలో ఎంతమందికి చిన్నప్పుడు వస ఎక్కువ పోశారో నాకు తెలీదు గానీ, నాకు మాత్రం ఉగ్గుగిన్నె నిండా పోసి ఉంటారని మా నాయనమ్మ అంటుండేది. బడి నుంచి వస్తూనే మొదలెట్టేదాన్నట, అన్నం తింటూ, నిద్ర ముంచుకొచ్చేదాకా అదే వాగుడట. "ఆడపిల్లకి అంత నోరు పనికిరాదే, రేపు అత్తారింట్లో ఎలా నెగ్గుకొస్తావో ఏమో" అని ఆవిడ బెంగ. ఆ బెంగ మా అమ్మకీ, అమ్మ నుంచి నాకూ అంటుకుంది. డిగ్రీకొచ్చేసరికి నలుగురిలో నోరు విప్పాలంటే ఒకటికి రెండుసార్లు ఆలోచించుకునే స్థితికొచ్చాను. కథలు రాయడం మొదలుపెట్టింది కూడా అందుకేనేమో! కాగితం మీద ఎంత వాగినా ఎవరూ "ఇక ఆపవే" అనరు కదా.

అందుకే సుమ కనకాలను టీవీలో చూసినప్పుడల్లా నాకు మొదట ఆశ్చర్యం, ఆ వెనకే కాస్త అసూయ. మనల్ని ఏ నోటి గురించి తిట్టారో, అదే నోటితో ఈవిడ దర్జాగా బతుకుతోంది!

ఇంకో విచిత్రం. మూడు దశాబ్దాలుగా తెలుగు ఇళ్లలో ఇంత గలగలా మాట్లాడుతున్న మనిషి మాతృభాష తెలుగు కాదు, మలయాళం. పుట్టింది కేరళలోని పాలక్కాడ్‌లో. తండ్రిది రైల్వే ఉద్యోగం కావడంతో పెరిగింది, చదివింది సికింద్రాబాద్‌లో. దక్షిణ మధ్య రైల్వేకి కేంద్రం కదా ఆ ఊరు, అక్కడి రైల్వే క్వార్టర్స్ సంగతి తెలిసినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. ఒక గుమ్మంలో తమిళం, పక్క గుమ్మంలో హిందీ, ఎదురింట్లో తెలుగు. చెవి ఉన్న పిల్లకి అంతకన్నా పెద్ద బడి ఏముంటుంది? ఇంట్లో ఒక భాష, వీధిలో మరో భాష పలికేవాళ్లకి మాట విలువ కాస్త ఎక్కువే తెలుస్తుందని నా అనుమానం. మనం పుట్టుకతో వచ్చింది కదా అని తెలుగుని ఎలాపడితే అలా వాడేస్తాం. ఆవిడ కూడబెట్టుకుని వాడింది.

మొదట్లో యాంకర్ కావాలని వచ్చింది కాదు. 1990ల్లో దూరదర్శన్ సీరియల్స్‌లో నటించింది. 1996లో దాసరి నారాయణరావు గారి 'కళ్యాణ ప్రాప్తిరస్తు'లో కథానాయిక. మలయాళంలోనూ కొన్ని సినిమాలు చేసింది. కథానాయికగా నిలదొక్కుకోలేదు. అక్కడితో సరే అనుకుని ఇంటి పట్టున ఉండిపోయిన అమ్మాయిలు ఆ రోజుల్లో ఎందరో. అయితే 1995లో జెమినీ, ఈటీవీ వచ్చాయి. అంతవరకూ వార్తలు చదివేవారు, వ్యాఖ్యాతలు అంటే నీటుగా కూర్చుని, రాసిచ్చిన నాలుగు ముక్కలు గంభీరంగా చెప్పి నమస్కారం పెట్టేవాళ్లు. ప్రైవేటు చానళ్లకి అలా కాదు, పొద్దస్తమానం మనతో కబుర్లాడే మనిషి కావాలి. 'యాంకరమ్మ' అనే కొత్త మాట మన ఇళ్లలోకి వచ్చింది అప్పుడే. ఝాన్సీ, ఉదయభాను, సుమ... మన పక్కింటి అమ్మాయిల్ని పిలిచినట్టు పేర్లు పెట్టి పిలిచేవాళ్లం.

సీరియల్స్ రోజుల్లో పరిచయమైన రాజీవ్ కనకాలతో 1999లో పెళ్లి. రాజీవ్ తెలుసుగా, 'స్టూడెంట్ నంబర్ 1', 'అతడు' సినిమాల్లో చేశాడు. (సినిమా సగంలోనే చచ్చిపోయే పాత్రలు ఎక్కువగా వస్తాయని జనం వేళాకోళమాడుతుంటారు, పాపం.) అత్తమామలు దేవదాస్ కనకాల, లక్ష్మీదేవి ఇద్దరూ నటన నేర్పిన గురువులు. చిరంజీవి, రజనీకాంత్ లాంటివాళ్లు దేవదాస్ గారి దగ్గర పాఠాలు నేర్చుకున్నవారే. మాట ఎలా పలకాలో చెప్పడమే వృత్తిగా ఉన్న ఇల్లు అది. "కోడలికి ఇంత నోరా" అనే ఇంటికి కాక అలాంటి ఇంటికి వెళ్లడం కూడా ఒక అదృష్టమే అనుకున్నాను. ఇద్దరు పిల్లలు, రోషన్, మనస్విని. 2018లో అత్తగారు, 2019లో మామగారు, 2020లో ఆడపడుచు శ్రీలక్ష్మి... మూడేళ్లలో ఆ ఇంట్లో ముగ్గురు పోయారు. మైకు పట్టుకున్న మనిషికి సంతాపం తీరేదాకా ఇంట్లో కూర్చునే వీలుండదు. ఏడ్చిన కళ్లతోనైనా వచ్చి "అందరికీ నమస్కారం" అని నవ్వాల్సిందే.

మాట్లాడటమేగా, అదేం పెద్ద కష్టం అంటారు మగవాళ్లు. మా ఇంట్లోనూ అన్నారు. ఒకసారి ఆలోచించండి. ఇలాంటి షోలు రోజుకి ఒకటి చొప్పున కాదు, ఒకే రోజు రెండో మూడో ఎపిసోడ్లు కలిపి తీస్తుంటారు. ప్రతిదానికీ కొత్త చీర, కొత్త నవ్వు. గంటల తరబడి లైట్ల కింద నిలబడాలి. వచ్చిన మనిషి బిడియపడితే మాట్లాడించాలి, ఎక్కువ మాట్లాడితే నొప్పించకుండా ఆపాలి. సినిమా వేడుకల్లోనైతే హీరో ఆలస్యంగా వచ్చినా, కరెంటు పోయినా, వేలమంది అభిమానులు అరుస్తున్నా జనాన్ని పట్టుకుని కూర్చోబెట్టాల్సింది ఆవిడే. మన ఇంట్లో పెళ్లిచూపులకి అబ్బాయి తరఫువాళ్లు రెండు గంటలు ఆలస్యమైతే, వచ్చిన చుట్టాలకి కాఫీలిస్తూ కబుర్లు చెబుతూ నెట్టుకొచ్చే పిన్నిగారు ఒకావిడ ఉంటుంది చూడండి, అచ్చం అదే పని. పిన్నిగారికి జీతం రాదు, అంతే తేడా.

నోటితో బతికేవాళ్లకి నోటితోనే గండం కూడా. 2023 అక్టోబరులో 'ఆదికేశవ' సినిమా పాట విడుదల కార్యక్రమంలో, విలేకరులు స్నాక్స్‌ని భోజనంలా తింటున్నారని ఏదో సరదాగా అనబోతే అది వికటించింది. అక్కడే ఒక విలేకరి అభ్యంతరం చెప్పారు. ఆవిడ అక్కడా క్షమాపణ చెప్పింది, తర్వాత వీడియోలోనూ చెప్పింది. తప్పు తప్పే. కాకపోతే, ముప్ఫయ్యేళ్లు నోరు జారకుండా నడిచిన మనిషి ఒకసారి తడబడితే ఎంత గోల! అంతకుముందు 2022 చివర్లో కొత్త సంవత్సరం కార్యక్రమం ప్రోమోలో ఆవిడ కన్నీళ్లు చూసి, యాంకరింగ్ మానేస్తోందని ఊరంతా చెప్పుకున్నారు. కాదని ఆవిడే చెప్పుకోవాల్సి వచ్చింది. ఇక భార్యాభర్తలు విడిపోయారన్న పుకారైతే, ఇద్దరూ ఇంటర్వ్యూల్లో కొట్టిపారేసినా మళ్లీ మళ్లీ పుట్టుకొస్తూనే ఉంటుంది. సంపాదించే ఆడదాని కాపురం మీద లోకానికి అంత బెంగ ఎందుకో!

2022 మే నెలలో వచ్చిన 'జయమ్మ పంచాయితీ' చూశారా? అందులో సుమది శ్రీకాకుళం పల్లెటూరి ఇల్లాలి పాత్ర. మొగుడికి జబ్బు చేస్తుంది, డబ్బు కావాలి. ఇన్నాళ్లూ ఊళ్లో అందరి శుభకార్యాలకీ తను చదివించిన ఈడ్లు తిరిగి రాబట్టుకోవడానికి పోరాడుతుంది. సినిమా పెద్దగా ఆడలేదు. నాకు మాత్రం నచ్చింది. ఎవరింట్లో ఏ ఫంక్షనుకి ఎంత పెట్టామో మనందరి బుర్రల్లోనూ ఒక చిట్టా ఉంటుందిగా! పాలక్కాడ్‌లో పుట్టిన మనిషి సిక్కోలు యాస పట్టుకుంటే, విజయవాడలో పుట్టిన నేను నోరు తెరుచుకుని చూశాను.

ఎన్ని చేసినా, మా ఇంటివరకూ సుమ అంటే 'స్టార్ మహిళ'. ఈటీవీలో ఏళ్ల తరబడి, వేల ఎపిసోడ్లు వచ్చింది. ('క్యాష్' కూడా చూసేవాళ్లం గానీ, అందులో నిక్షేపంలాంటి మిక్సీలు, గ్రైండర్లు కిందపడి పగిలిపోతుంటే మా అత్తగారు "అయ్యో, ఎవరికైనా ఇవ్వకూడదూ" అని కళ్లు మూసుకునేవారు.) 2010 ప్రాంతం, నేను కొత్త కోడలిని. మధ్యాహ్నం భోజనాలయ్యాక అత్తగారు చిక్కుడుకాయలో, గోరుచిక్కుళ్లో ముందేసుకుని టీవీ ముందు కూర్చునేవారు. నాలాగా కాదు, ఆవిడ మితభాషి. రోజు మొత్తానికి పాతిక మాటలు మాట్లాడితే గొప్ప.

ఆటకి వచ్చినవాళ్లు ముందు తమ గురించి చెప్పుకోవాలి కదా. "ఏముందండీ, హౌస్‌వైఫ్‌ని" అనేవారు చాలామంది. సుమ దాన్ని అక్కడితో వదలదు. ఏ ఊరు, ఏం వండుతారు, మీవారికి భయపడతారా, ఆయనే మీకు భయపడతారా... ఏదో ఒకటి లాగుతుంది. రెండు నిమిషాల్లో ఆ మనిషి పాటో పాడుతుంది, డాన్సో చేస్తుంది.

ఒకరోజు అత్తగారు కూర తరుగుతూ తరుగుతూ, "అమ్మాయ్, మనం కూడా వెళ్తే?" అన్నారు. నేను ఎగిరి గంతేశాను. ఎలా దరఖాస్తు చేయాలో కనుక్కుంటానన్నాను. ఆవిడ మాత్రం ముందు "మీ గురించి చెప్పండి" అంటే ఏం చెప్పాలో రాసుకోవడం మొదలెట్టారు, పాత క్యాలెండరు కాగితం వెనక. మర్నాడు నాకు చూపించారు. మావయ్యగారు ఏ ఆఫీసులో రిటైరయ్యారో ఉంది, పెద్దబ్బాయి ఏం చదివాడో, చిన్నబ్బాయికి ఎక్కడ ఉద్యోగమో, ఆడపడుచుని ఏ ఊరిచ్చారో అంతా ఉంది.

"ఇందులో మీరెక్కడ అత్తయ్యా?" అన్నాను నవ్వుతూ. ఆవిడ నవ్వలేదు. కాగితం మడిచి కొంగున పెట్టుకున్నారు. రెండు రోజుల తర్వాత అడుగున మరో మూడు ముక్కలు చేర్చారు. 'ఎస్సెల్సీ ఫస్టు క్లాసు. లెక్కలంటే ఇష్టం. ఈత వచ్చు.'

ఈతా! ముప్ఫయ్యేళ్ల కొడుక్కి తెలీదు ఆ సంగతి.

వెళ్లలేదు లెండి. "ఈ వయసులో టీవీలో గెంతులేంటి, చుట్టాలు ఏమనుకుంటారు" అన్నారు మావయ్యగారు, పేపరు లోంచి తలెత్తకుండానే. అత్తగారు సరేనని లేచి కాఫీ పెట్టడానికి వెళ్లారు. అంత నోరున్నదాన్ని, నేను పక్కనే ఉన్నాను. ఒక్క మాట... "నేను తీసుకెళ్తాను మావయ్యా" అని ఒక్క మాట అనలేకపోయాను. కొత్త కోడలిని కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. సుమ అయితే ఏమనేదో! ఏదో ఒక హాస్యమాడి, ఆయన చేతే "సరే, వెళ్లండి" అనిపించేదేమో.

అత్తగారు పోయి ఏడేళ్లు దాటింది. పోయిన వేసవిలో ఆవకాయ కొలతలకని ఆవిడ పచ్చళ్ల పుస్తకం తీస్తే, మాగాయ పేజీలో ఆ కాగితం. నూనె మరకలు పట్టినా అక్షరాలు చెదరలేదు. పదేళ్ల మా అమ్మాయి లాక్కుని చదివింది. "నానమ్మకి ఈతొచ్చా? ఎక్కడ ఈదేది? ఎవరు నేర్పారు?" ఒకటే ప్రశ్నలు. దానికీ వస ఎక్కువే పోశాం. వాళ్ల నాన్నని అడిగితే తెలీదన్నారు.

అత్తగారి చెల్లెలికి ఫోను చేశాం. డెబ్బై దాటాయి పిన్నిగారికి, వినికిడి తక్కువ. అమ్మాయి స్పీకరు ఆన్ చేసి గట్టిగా అరిచింది. అవతల కాసేపు నిశ్శబ్దం, తర్వాత నవ్వు.

"ఎవరు చెప్పారే నీకు? బందరు కాలవ ఈ గట్టు నుంచి ఆ గట్టుకి ఈదేది మీ నానమ్మ. లంగా గోచీ పోసి కట్టుకుని, వంతెన మీంచి దూకేది! నేను గట్టున కూర్చుని దాని జడ రిబ్బన్లు కాపలా కాసేదాన్ని..."

పిన్నిగారు చెబుతూనే ఉన్నారు. అమ్మాయి అడుగుతూనే ఉంది. పొయ్యి మీద పాలు పొంగిపోయాయి.