నొప్పి లేదు కదా అని ఊరుకోకండి!

ఇంట్లో అందరికీ మందులు వేళకు అందించే ఇల్లాలు, తన ఒంటి సంగతి వచ్చేసరికి ‘నాకేం, బాగానే ఉన్నానుగా’ అనేస్తుంది. రొమ్ము క్యాన్సర్ విషయంలో ఈ మాటే చేటు తెస్తుంది. ఎందుకంటే మొదట్లో ఈ గడ్డ చాలామందికి నొప్పి పెట్టదు. 2022లో మన దేశంలో సుమారు 1,92,000 మంది స్త్రీలకు కొత్తగా ఈ జబ్బు వచ్చిందని అంచనా.

చేతికి తగలకముందే...

మామోగ్రామ్ అంటే రొమ్ముకు తీసే ఎక్స్‌రే. చేతికి తగలనంత చిన్న గడ్డల్నీ, ఇసుక రేణువుల్లాంటి సున్నపు చుక్కల్నీ ఇది చాలావరకు పట్టిస్తుంది. ఆ దశలో దొరికితే చాలామందికి రొమ్ము మొత్తం తీసేయనక్కర్లేదు.

రొమ్మును రెండు పలకల మధ్య కొన్ని సెకన్లు నొక్కి, ఒక్కోవైపు రెండేసి ఫొటోలు తీస్తారు. కాస్త నొప్పిగా ఉంటుంది, అంతే. రేడియేషన్ తక్కువే. నెలసరి అయిన వారంలో వెళితే నొప్పి తక్కువ. ఆ రోజు చంకల్లో పౌడరు, సెంటు వద్దు. ఫొటోలో మచ్చల్లా కనబడొచ్చు. పరీక్ష చేసేది ఆడవాళ్లేనా అని ముందే అడగండి, మొహమాటం ఎందుకు?

ఎప్పుడు చేయించుకోవాలి?

40 నుంచి 74 ఏళ్ల స్త్రీలు రెండేళ్లకోసారి చేయించుకోవాలని అమెరికా నిపుణుల బృందం 2024లో సూచించింది. తల్లికో, అక్కాచెల్లెళ్లకో ఈ జబ్బు వచ్చి ఉంటే, ఇంకా ముందే మొదలుపెట్టాలేమో డాక్టర్ని అడగాలి.

మా ఊళ్లో ఆ మెషీన్ లేదంటారా? ముంబయి టాటా మెమోరియల్ ఆస్పత్రి 1998లో మొదలుపెట్టి, లక్షన్నర మంది స్త్రీలతో రెండు దశాబ్దాలు అధ్యయనం చేసింది. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేత్తో పరీక్షించిన వారిలో, 50 దాటిన స్త్రీల మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయని 2021లో వెల్లడైంది. మన ప్రభుత్వ కార్యక్రమంలోనూ 30 నుంచి 65 ఏళ్ల వారికి ఈ చేతి పరీక్ష ఉంది. దగ్గర్లోని ఆరోగ్య కేంద్రంలో అడగండి.

రిపోర్టు వచ్చాక...

మళ్లీ రమ్మన్నారంటే క్యాన్సరేనని బెంబేలెత్తకండి. అలా పిలిచిన వారిలో ఎక్కువమందికి ఏమీ ఉండదు. అనుమానం ఉంటే సూదితో చిన్న ముక్క తీసి పరీక్షిస్తారు. సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుందన్న భయంతో వెనక్కి వచ్చేయొద్దు.

‘నార్మల్’ అని వచ్చినా, చేతికి గడ్డ తగులుతుంటే మాత్రం వదలకండి. వయసులో ఉన్నవారికి రొమ్ము కణజాలం దట్టంగా ఉండి గడ్డ కనబడకపోవచ్చు. అప్పుడు అల్ట్రాసౌండ్ అవసరమవుతుంది. గడ్డ, చనుమొన నుంచి రక్తం, చర్మంపై సొట్టలు, చంకలో బిళ్ల... వీటిలో ఏది కనిపించినా, మీకు పాతికేళ్లయినా డెబ్బై ఏళ్లయినా, పండగ వెళ్లాక, పిల్లల పరీక్షలయ్యాక అనకుండా ఈ వారంలోనే డాక్టరుకు చూపించుకోండి.